విజయవాడ లింకు సాయంత్రానికి 90 శాతం, కర్నూలు లింకు ఖాళీ: పీసీఈ కొనాల్సిందేనా?

గోదారి_రూటర్
మాది చిన్న ప్రొవైడర్ నెట్‌వర్క్. ఐదు ఊళ్లు, ఒకటే రింగు: హైదరాబాద్, విజయవాడ, చెన్నై, బెంగళూరు, కర్నూలు, మళ్లీ హైదరాబాద్. అన్నీ 10జీ (సెకనుకి 10 గిగాబిట్ల) లింకులే. దారులు ఎంచడానికి ఓఎస్‌పీఎఫ్ ప్రోటోకాల్ నడుస్తోంది, లింకుల కాస్ట్ అంకెలు కూడి తక్కువ వచ్చిన దారినే అది పడుతుంది. రిఫరెన్స్ బ్యాండ్‌విడ్త్ 100జీ పెట్టాం, దాన్ని 10జీతో భాగిస్తే ప్రతి లింకు కాస్ట్ 10.

రోజూ సాయంత్రం ఏడు దాటితే విజయవాడ నుంచి హైదరాబాద్ వచ్చే లింకు 9జీకి ఎక్కుతుంది. అందులో 6జీ చెన్నై నుంచి వచ్చేది, 3జీ విజయవాడలోని క్యాష్ సర్వర్ల (వీడియోల్లాంటివాటి కాపీలు దగ్గర్లో దాచే సర్వర్లు) నుంచి వచ్చేది. అదే టైంలో కర్నూలు నుంచి హైదరాబాద్ లింకు 3జీ దాటదు, అది బెంగళూరు ట్రాఫిక్. ఒక పక్క కస్టమర్లు వీడియో తిరుగుతోందని ఫోన్లు, ఇంకో పక్క 7జీ ఊరికే పడి ఉంది.

మా సీనియర్ ఒకసారి విజయవాడ నుంచి హైదరాబాద్ వైపు కాస్ట్ 21 చేశారు. 6జీ మొత్తం ఒక్కసారిగా కర్నూలు వైపు పోయింది, అక్కడ 9జీ అయింది. మళ్లీ 10 చేసి వదిలేశారు. ఇప్పుడు ఒక వెండర్ వచ్చి పీసీఈ కంట్రోలర్ (నెట్‌వర్క్ మొత్తానికి దారులు ఒకేచోట లెక్కవేసే సాఫ్ట్‌వేర్) పెట్టుకుంటే అన్నీ అదే చూసుకుంటుందని ప్రెజెంటేషన్ ఇచ్చి వెళ్లాడు. మేనేజ్‌మెంట్‌కి నచ్చేసింది. నిజంగా మాకు అది అవసరమా?

వరంగల్_నోడ్
ఐదు రూటర్లకి కంట్రోలరా! ముందు ఆ ప్రెజెంటేషన్‌లో ధర పేజీ చూశారా అన్నా?

పాకెట్_పంతులు
మీ లెక్క మీరే రాశారు, ఒకసారి కూడి చూడండి. చెన్నై నుంచి హైదరాబాద్‌కి విజయవాడ మీదుగా 10+10, అంటే 20. బెంగళూరు, కర్నూలు మీదుగా 30. ఓఎస్‌పీఎఫ్ అతి తక్కువ కాస్ట్ దారి వెతకడానికి వాడే డైక్‌స్ట్రా పద్ధతికి కాస్ట్ తప్ప ఏదీ కనపడదు. లింకు నిండిందా, ఖాళీగా ఉందా అన్నది దానికి సంబంధం లేదు. 20 చిన్నది, కాబట్టి 6జీ అంతా అటే. 21 చేస్తే 31 అవుతుంది, 30 చిన్నది, అంతా ఇటు. మధ్యలో ఒక అంకె ఉంది, మీ సీనియర్ దాన్ని దాటేశారు.

20 పెట్టండి. అప్పుడు రెండు వైపులా 30. ఈసీఎంపీ (కాస్ట్ సమానమైన దారులన్నీ వాడుకోవడం) వల్ల చెన్నై రూటర్ ఫ్లోలను (ఒక్కో కనెక్షన్ ట్రాఫిక్) రెండు దారుల్లోకి పంచుతుంది. విజయవాడ వైపు 3+3, కర్నూలు వైపు 3+3. రెండూ 6జీ. ఖర్చు సున్నా.

గోదారి_రూటర్
పంతులు గారూ, అంత సులభమా? ఇవాళే చెప్తాను మా వాళ్లకి.

అల్గో_అనూష
ఆగండి, ఆగండి. అది పెట్టేముందు మిగతా జంటల్ని కూడా లెక్కేయాలి. రింగులో ఒక లింకు కాస్ట్ మారిస్తే మీరు అనుకున్న ట్రాఫిక్ ఒక్కటే కదలదు.

విజయవాడ నుంచి కర్నూలు చూడండి. మామూలుగా హైదరాబాద్ మీదుగా 10+10, అంటే 20. చెన్నై, బెంగళూరు చుట్టి వస్తే 30. పంతులు గారు చెప్పినట్టు 20 పెడితే హైదరాబాద్ మీదుగా కూడా 30 అవుతుంది. అంటే విజయవాడ నుంచి కర్నూలు వెళ్లే ట్రాఫిక్‌లో సగం చెన్నై, బెంగళూరు తిరిగి వెళ్తుంది. మీ సీనియర్ 21 పెట్టినప్పుడైతే సగం కాదు, మొత్తం అలాగే తిరిగి ఉంటుంది.

రోడ్డు దూరాల్లో చెప్పాలంటే హైదరాబాద్ మీదుగా సుమారు 490 కిలోమీటర్లు, చుట్టు దారి సుమారు 1,160. ఫైబర్‌లో కాంతికి కిలోమీటరుకి 5 మైక్రోసెకన్లు. తేడా 670 కిలోమీటర్లు, రానూపోనూ కలిపితే దగ్గర దగ్గర 7 మిల్లీసెకన్లు. తిరుగు దారి కూడా అలాగే చుట్టుకుంటేనే ఆ 7. మీ కేసులో ఒక వైపే మారింది కాబట్టి సగం, 3 పైన. కానీ ఫైబర్ రోడ్డు కంటే ఎప్పుడూ పొడుగే. పైగా ఆ ట్రాఫిక్ చెన్నై, బెంగళూరు లింకుల్లో అనవసరంగా చోటు తింటుంది.

గోదారి_రూటర్
అక్కా, ఆ వారమే కర్నూలు నుంచి ఒక గేమింగ్ కేఫ్ వాళ్లు పింగ్ పెరిగిందని టికెట్ పెట్టారు! మేము వాళ్ల లాస్ట్ మైల్ వైర్‌లెస్ చూసి, రేడియో మార్చి, టికెట్ మూసేశాం. రెంటికీ ముడి ఉందని ఎవరికీ తట్టలేదు.

లేబుల్_లక్ష్మి
ఇదే ఐజీపీ (ఓఎస్‌పీఎఫ్ లాంటి, నెట్‌వర్క్ లోపలి రూటింగ్ ప్రోటోకాల్) కాస్ట్‌తో ట్రాఫిక్ నడపడంలో ఉన్న అసలు ఇబ్బంది. కాస్ట్ లింకుకి పెడతారు, దెబ్బ మాత్రం ఎక్కడో మూలన ఉన్న ఊరికి తగులుతుంది. ట్రాఫిక్‌ని గమ్యం బట్టి, కస్టమర్ బట్టి విడదీసి నడపాలంటే ఎంపీఎల్ఎస్ టన్నెల్స్ (లేబుళ్లతో ముందే గీసిన దారులు) వేసుకోవాలి. ఆ టన్నెల్స్‌కి దారిలో బ్యాండ్‌విడ్త్ రిజర్వ్ చేసే ఆర్‌ఎస్‌వీపీ-టీఈ 2001లోనే ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ ప్రమాణ పత్రం) 3209గా వచ్చింది. మీ రూటర్లలో ఎలాగూ ఉంటుంది, లైసెన్స్ ఒక్కసారి చూసుకోండి.

పాకెట్_పంతులు
అనూష గారు పట్టుకున్నది కరెక్టే, కర్నూలు జంట నేను చూడలేదు. కానీ లక్ష్మి గారూ, ఆ ఒక్క సైడ్ ఎఫెక్ట్ కోసం కోర్ మొత్తం ఆర్‌ఎస్‌వీపీ ఎక్కించడం ఎందుకు? వేరే అంకెలు దొరుకుతాయి.

అల్గో_అనూష
దొరుకుతాయి, చూశాను. పెంచడం కాకుండా అవతలి దారిని తగ్గించండి. చెన్నై నుంచి బెంగళూరు వైపు 5, కర్నూలు నుంచి హైదరాబాద్ వైపు 5. ఆ రెండు దిశలు మాత్రమే, వెనక్కి వచ్చే దిశలో 10 అలాగే ఉంచాలి. ఓఎస్‌పీఎఫ్‌లో ఏ ఇంటర్‌ఫేస్ నుంచి బయటికి పోతే ఆ కాస్టే లెక్క, కాబట్టి దిశకో అంకె పెట్టొచ్చు.

చెన్నై నుంచి హైదరాబాద్: 5+10+5 అంటే 20, ఇటు 10+10 అంటే 20. సమానం, పంచుకుంటాయి.
విజయవాడ నుంచి కర్నూలు: హైదరాబాద్ మీదుగా 20, చుట్టు దారి 10+5+10 అంటే 25. కదలదు.
బెంగళూరు నుంచి విజయవాడ: చెన్నై మీదుగా 20, ఇటు 10+5+10 అంటే 25. కదలదు.

మిగతా జంటలు కూడా వేశాను, ఒక్కటీ కదల్లేదు. మొదట చెన్నై వైపు వదిలేసి బెంగళూరు-కర్నూలు, కర్నూలు-హైదరాబాద్ రెండూ 5 చేసి చూశాను. అప్పుడు బెంగళూరు నుంచి విజయవాడకి 20, 20 వచ్చి అది చీలింది. అంటే ఏ రెండు లింకులు తగ్గిస్తామన్నది కూడా ముఖ్యమే.

సున్నా_ఒకటి
నేను బీటెక్ ఫైనల్ ఇయర్. ఇలా కాగితం మీద వెతకడమేనా అక్కా, దీనికి అల్గారిథం లేదా?

అల్గో_అనూష
ఐదు రూటర్లు కాబట్టి కాగితం సరిపోయింది తమ్ముడూ. యాభై అయితే కుదరదు. ఫోర్ట్జ్, థోరప్ అనే ఇద్దరు 2000లో ఇన్ఫోకామ్ సదస్సులో ఈ సమస్య మీదే పేపర్ ఇచ్చారు. మంచి ఓఎస్‌పీఎఫ్ వెయిట్లు కనుక్కోవడం ఎన్‌పీ-హార్డ్ (కచ్చితమైన జవాబు వేగంగా తేల్చే పద్ధతి తెలియని సమస్య) అని చూపించి, లోకల్ సెర్చ్‌తో (అంకెలు కొద్దికొద్దిగా మార్చి చూస్తూ) దాదాపు ఉత్తమమైన వెయిట్లు పట్టుకున్నారు. ప్రాజెక్టు కోసం వెతుకుతుంటే అది చదువు. ముందు గ్రాఫ్, డిమాండ్ మ్యాట్రిక్స్ (ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎంత ట్రాఫిక్) రాసుకుని, నెట్‌వర్క్‌ఎక్స్ అనే పైథాన్ లైబ్రరీలో ఈ రింగే వేసి చూడు.

సున్నా_ఒకటి
ఇంకో డౌట్. లోడ్ పెరిగితే కాస్ట్ దానంతట అదే పెరిగేలా పెడితే? అప్పుడు ఎవరూ అంకెలు మార్చక్కర్లేదు కదా.

పాకెట్_పంతులు
చేసి చూశారు బాబూ, ఇంటర్నెట్‌కి ముందున్న ఆర్పానెట్‌లోనే. 1979లో లింక్ స్టేట్ పద్ధతి (ప్రతి రూటరూ పటమంతా తెలుసుకుని దారి లెక్కవేయడం) తెచ్చినప్పుడు కొలిచిన డిలేనే కాస్ట్‌గా పెట్టారు. లోడ్ తక్కువ ఉన్నంత కాలం బాగానే ఉంది. లోడ్ పెరిగాక ఏమైందంటే, ఒక లింకు నిండగానే దాని డిలే పెరుగుతుంది, అందరూ ఒకేసారి రెండో లింకుకి పరిగెడతారు, అది నిండుతుంది, మొదటిది ఖాళీ అవుతుంది, మళ్లీ అందరూ వెనక్కి. గోదారి గారి సీనియర్ చేతితో ఒకసారి చేసింది అక్కడ మెషీన్ రోజంతా చేసింది. 1987లో మెట్రిక్ మార్చి, అది ఒకేసారి ఎంత ఎగరొచ్చో, ఎంత పైకి పోవచ్చో హద్దులు పెట్టాకే కుదుటపడింది. ఇప్పటికీ ఐజీపీల్లో లోడ్‌ని కాస్ట్‌కి కట్టకపోవడం వెనక ఆ అనుభవం ఉంది.

వరంగల్_నోడ్
ఈ ఒక్క పోస్టు కోసం థ్రెడ్ బుక్‌మార్క్ చేసుకున్నా.

గోదారి_రూటర్
లక్ష్మి గారూ, మీరు చెప్పిన టన్నెల్స్ సంగతి కూడా చెప్పండి. టన్నెల్స్‌కి దారి వెతికే సీఎస్‌పీఎఫ్ అయితే లోడ్ చూసి పంచుతుంది కదా?

లేబుల్_లక్ష్మి
పంచదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. సీఎస్‌పీఎఫ్ చేసేది ఇంతే: అడిగిన బ్యాండ్‌విడ్త్ ఖాళీ లేని లింకుల్ని, ఎఫినిటీ రంగు (మనం లింకులకి పెట్టే గుర్తు) కుదరని లింకుల్ని గ్రాఫ్ నుంచి తీసేస్తుంది, మిగిలిన దాని మీద మామూలు డైక్‌స్ట్రా నడుపుతుంది. అంటే చిన్న దారిలో పట్టినంతసేపు అందులోనే పోస్తుంది.

మీ కేసులోనే వేద్దాం. విజయవాడ-హైదరాబాద్ లింకులో 3జీ విజయవాడ క్యాష్‌ల ఎల్ఎస్‌పీలకి (ఎంపీఎల్ఎస్ టన్నెల్స్‌కి) రిజర్వ్ అయింది. 7జీ ఖాళీ. చెన్నై నుంచి 2జీ చొప్పున మూడు ఎల్ఎస్‌పీలు వేశారు. మొదటిది పడుతుంది, రెండోది పడుతుంది, మూడోదీ పడుతుంది. మొత్తం 9జీ. ఇన్ని కాన్ఫిగరేషన్లు చేసి మళ్లీ మొదటికే వస్తారు.

దాన్ని విడగొట్టాలంటే ఆ లింకు మీద రిజర్వ్ చేయగల గరిష్ఠాన్ని 7జీకి కట్టేయాలి. అప్పుడు 3+2+2 అయ్యేసరికి 7 నిండుతుంది, మూడో ఎల్ఎస్‌పీకి చోటు లేక కర్నూలు దారి పడుతుంది. 7, 5 అవుతాయి. లీస్ట్-ఫిల్ (ఎక్కువ ఖాళీ ఉన్న దారి ఎంచడం) లాంటి టై-బ్రేకర్లు ఉన్నాయి కానీ, అవి కాస్ట్ సమానమైన దారుల మధ్యే పనిచేస్తాయి.

ఇంకొకటి. ఆ 2జీ అన్నది కంట్రోల్ ప్లేన్‌లో (దారుల లెక్కల్లో) రాసుకున్న అంకె. నిజంగా 5జీ వచ్చినా రూటర్ ఆపదు, విడిగా పోలిసింగ్ (హద్దు దాటిన ట్రాఫిక్‌ని ఆపడం) పెడితే తప్ప. అందుకే నిజమైన ట్రాఫిక్ కొలిచి ఆ అంకెని మార్చే ఆటో-బ్యాండ్‌విడ్త్ పెడతారు. పెట్టేటప్పుడు అడ్జస్ట్ ఇంటర్వెల్ చూడండి, చాలా రూటర్లలో డిఫాల్ట్ 24 గంటలు. సాయంత్రం పీక్‌కి అది దండగ.

డల్లాస్_శ్రీను
24 గంటల డిఫాల్ట్ గురించి లక్ష్మి గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను పనిచేసిన ఒక నెట్‌వర్క్‌లో అలాగే వదిలేశారు. రాత్రి మార్పిడి జరిగేది, మరునాడు సాయంత్రం ట్రాఫిక్ ఒకలా ఉండేది, రిజర్వేషన్ ఇంకోలా ఉండేది. 15 నిమిషాలకి దించాక, కొత్త దారి కట్టాకే పాతది తీసే మేక్-బిఫోర్-బ్రేక్ ఉండటం వల్ల కస్టమర్లకి ఏమీ తెలియకుండా కదిలింది. షేర్డ్ ఎక్స్‌ప్లిసిట్ స్టైల్ (రెండు దారులూ ఒకే రిజర్వేషన్ పంచుకోవడం) లేకపోతే పాత దారి, కొత్త దారి కలిసే లింకుల్లో రిజర్వేషన్ రెండుసార్లు లెక్కపడి, చోటు లేదంటుంది. అది కూడా చూసుకోవాలి.

వరంగల్_నోడ్
ఈ రోజుల్లో ఇంకా ఆర్‌ఎస్‌వీపీ ఏంది అక్కా? ఫుల్ మెష్ (ప్రతి రూటర్ నుంచి ప్రతి రూటర్‌కీ) వేస్తే 40 రూటర్లకి 1,560 ఎల్ఎస్‌పీలు. ప్రతి మధ్య రూటరూ తన మీదుగా పోయేవాటన్నిటి స్టేట్ (గుర్తుంచుకోవాల్సిన వివరాలు) మోయాలి, 30 సెకన్లకోసారి రిఫ్రెష్. సెగ్మెంట్ రూటింగ్‌లో ఆ బాధ లేదు. దారి మొత్తం ప్యాకెట్ నెత్తి మీద లేబుళ్ల వరుసగా ఉంటుంది, మధ్య రూటర్లకి ఏ స్టేటూ అక్కర్లేదు. 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8402 అయింది. ఫైబర్ తెగితే టీఐ-ఎల్ఎఫ్ఏ (ముందే లెక్కేసి పెట్టుకున్న బ్యాకప్ దారి) దానంతట అదే పక్కదారి పట్టిస్తుంది.

లేబుల్_లక్ష్మి
ఒప్పుకుంటాను, స్టేట్ తగ్గుతుంది. కానీ స్టేట్ లేదంటే ఏ లింకులో ఎంత రిజర్వ్ అయిందో కూడా ఏ రూటర్‌కీ తెలీదు. ఆ పద్దు ఎవరు రాస్తారు తమ్ముడూ? నీ సెగ్మెంట్ రూటింగ్‌లో బ్యాండ్‌విడ్త్ గ్యారంటీ కావాలంటే బయట ఒకరు కూర్చుని లెక్క రాయాల్సిందే. మళ్లీ పీసీఈ దగ్గరికే వచ్చావు.

వరంగల్_నోడ్
వచ్చాను, కాదనను. అందుకే పీసీఈ చెడ్డదని నేనెప్పుడూ అనలేదు. ఐదు రూటర్లకి అక్కర్లేదన్నా అంతే.

సున్నా_ఒకటి
అసలు పీసీఈ కొత్తగా చేసేదేంటి? హెడ్-ఎండ్ రూటర్ (టన్నెల్ మొదలయ్యే రూటర్) కూడా అదే లెక్క వేస్తోంది కదా.

అల్గో_అనూష
లెక్క ఒకటే, చూపు వేరు. ఒక ఉదాహరణ చేసి చూడు. రెండు దారుల్లో చెరో 7జీ ఖాళీ ఉంది. నాలుగు ఎల్ఎస్‌పీలు పడాలి: 3, 3, 4, 4. మొత్తం 14, ఖాళీ కూడా 14. వేర్వేరు హెడ్-ఎండ్‌లు ఎవరికి వాళ్లు వేసుకుంటూ పోయారనుకో. ముందు రెండు 3లు చిన్న దారిలో పడ్డాయి, అక్కడ 1 మిగిలింది. తర్వాత 4 రెండో దారిలో పడింది, అక్కడ 3 మిగిలింది. చివరి 4కి ఎక్కడా చోటు లేదు. నెట్‌వర్క్‌లో 4జీ ఖాళీ ఉన్నా ఎల్ఎస్‌పీ లేవదు. నాలుగింటినీ ఒకేసారి చూసేవాడైతే ఒక దారిలో 4+3, రెండో దారిలో 4+3 పెడతాడు. అందరి అవసరాలూ ఒకేచోట చూసే ఆ మనిషి పనే పీసీఈది.

పాకెట్_పంతులు
దానికి తోడు ఏరియాల (పెద్ద నెట్‌వర్క్‌ని ఓఎస్‌పీఎఫ్‌లో విడగొట్టిన ముక్కల) సంగతి. హెడ్-ఎండ్‌కి తన ఏరియా టోపాలజీయే తెలుస్తుంది. అవతలి ఏరియాలో ఏ లింకు ఖాళీయో తెలీదు. బీజీపీ-ఎల్ఎస్ ద్వారా అన్ని ఏరియాల పటం పీసీఈకి చేరవేస్తే అది మొదటి నుంచి చివరిదాకా దారి వేయగలదు. వరుస చూస్తే, 2006లో ఆర్‌ఎఫ్‌సీ 4655లో ఆర్కిటెక్చర్, 2009లో 5440లో రూటర్, పీసీఈ మాట్లాడుకునే పీసెప్ ప్రోటోకాల్, టీసీపీ పోర్టు 4189. అప్పట్లో రూటర్ అడిగితే జవాబిచ్చి మర్చిపోయేది. 2017లో 8231తో స్టేట్‌ఫుల్ అయింది, అంటే ఎల్ఎస్‌పీల పద్దు గుర్తుంచుకుంటుంది. 8281తో తానే ఎల్ఎస్‌పీలు పుట్టించడం కూడా వచ్చింది.

గోదారి_రూటర్
అది పడిపోతే? మా మేనేజర్ అడిగే మొదటి ప్రశ్న ఇదే.

పాకెట్_పంతులు
ట్రాఫిక్ ఆగదు. సెషన్ తెగినా ఉన్న ఎల్ఎస్‌పీలు ఉన్నట్టే నడుస్తాయి. రూటర్ కొంతసేపు చూస్తుంది. ఆ రీడెలిగేషన్ టైమర్ అయిపోతే స్టాండ్‌బై పీసీఈకి అప్పగిస్తుంది, అదీ లేకపోతే పెత్తనం తానే తీసుకుంటుంది. ఆ టైమర్లు ఎంత పెట్టారో వెండర్‌ని అడగండి. తడుముకుంటే ఇంకోసారి రమ్మనండి.

డల్లాస్_శ్రీను
సెంట్రల్‌గా లెక్క వేస్తే ఎంత లాభమో చెప్పడానికి అందరూ గూగుల్ బీ4 (డేటా సెంటర్ల మధ్య వాళ్ల సొంత నెట్‌వర్క్) చూపిస్తారు. 2013 సిగ్‌కామ్ సదస్సు పేపర్‌లో చాలా లింకులు నూరు శాతం దగ్గర నడుస్తాయనీ, అన్నీ కలిపి సగటున 70 శాతం అనీ రాశారు. మామూలు వ్యాన్‌లని (ఊళ్ల మధ్య దూర నెట్‌వర్క్‌లని) 30, 40 శాతం దగ్గర ఉంచుతారు. అదే సంవత్సరం మైక్రోసాఫ్ట్ వాళ్ల ఇలాంటిదే, స్వాన్ కూడా వచ్చింది. కానీ అక్కడ డేటా పంపే సర్వర్లు కూడా వాళ్లవే. లింకు తెగితే బ్యాకప్ కాపీల్ని కాసేపు ఆగమని చెప్పగలరు. గోదారి గారు సాయంత్రం ఎనిమిదింటికి కస్టమర్‌ని క్రికెట్ చూడొద్దని చెప్పలేరు కదా.

వరంగల్_నోడ్
ఐపీఎల్ ఫైనల్ రోజు చెప్పి చూడమను, ఆఫీసు అద్దాలు మిగలవు :)

ఫైబర్_బాబాయ్
అందరూ పైన దారుల గురించి మాట్లాడుతున్నారు, కింద దారి గురించి ఒక్కరూ అడగలేదు. గోదారీ, నీ విజయవాడ లింకు, కర్నూలు లింకు రెండూ హైదరాబాద్‌లో మీ పీఓపీలోకి (మీ రూటర్లున్న చోటు) ఏ రోడ్డున వస్తున్నాయి?

గోదారి_రూటర్
వేర్వేరు వెండర్ల దగ్గర తీసుకున్నాం బాబాయ్. పేపర్ మీద వేర్వేరు రూట్లు.

ఫైబర్_బాబాయ్
వెండర్ వేరైతే డక్టు (నేల కింద కేబుల్ పోయే గొట్టం) వేరని ఎవరు చెప్పారు? నేను చూసిన ఒక కట్ చెప్తాను. ఒక ప్రొవైడర్‌కి ఇలాగే రెండు లింకులు, ఇద్దరు వెండర్లు. రోడ్డు వెడల్పు పనిలో జేసీబీ ఒక్క దెబ్బ వేసింది, రెండు లింకులూ ఒకే నిమిషంలో పోయాయి. ఎన్‌ఓసీలో (నెట్‌వర్క్‌ని గమనించే కేంద్రంలో) రూటర్ రీబూట్ అయిందనుకున్నారు. రెండు వైపులా ఓటీడీఆర్ (ఫైబర్ ఎంత దూరంలో తెగిందో చూపే మీటర్) పెట్టి చూస్తే ఒకటి 11 కిలోమీటర్ల దగ్గర తెగినట్టు, ఇంకోటి 13 దగ్గర. దూరాలు వేరు కాబట్టి వేర్వేరు కట్‌లని రెండు టీములు పంపారు. రెండు టీములూ ఒకే కల్వర్టు దగ్గర ఎదురుపడ్డాయి. రెండో వెండర్ మధ్యలో జాయింట్ పిట్‌లలో ఎక్కువ కేబుల్ చుట్టి పెట్టాడు, అందుకే మీటర్‌లో 2 కిలోమీటర్లు ఎక్కువ చూపింది. కల్వర్టు దాటేదగ్గర తవ్వకానికి పర్మిషన్ కష్టమని రెండో వాడు మొదటి వాడి డక్టులోనే పైపు అద్దెకి తీసుకున్నాడు. ఏ కాగితంలోనూ ఆ ముక్క లేదు.

జేసీబీకి మీ ఓఎస్‌పీఎఫ్ కాస్టులు తెలీవు.

లేబుల్_లక్ష్మి
బాబాయ్ గారు చెప్పినదానికే ఎస్‌ఆర్‌ఎల్‌జీ ఉంది. ఒకే డక్టులో, ఒకే కల్వర్టులో పోయే లింకులన్నిటికీ ఒకే గ్రూపు నంబరు ఇస్తే, బ్యాకప్ దారి లెక్కవేసేటప్పుడు ఆ నంబరున్న లింకుల్ని తప్పిస్తుంది. కానీ ఆ నంబరు ఎవరో ఒకరు చేత్తో ఎక్కించాలి. రూటర్‌కి మట్టి కింద ఏముందో కనపడదు.

అల్గో_అనూష
వెండర్ ప్రెజెంటేషన్ మీద నా అసలు అభ్యంతరం ఇక్కడే. దారి లెక్క వేయడం 1959లో డైక్‌స్ట్రా పేపర్ అచ్చయిన నాటి నుంచీ మనకు చేతనైన పని. ఎంత మంచి పీసీఈ అయినా మనం ఇచ్చిన పటం మీదే లెక్కేస్తుంది. ఎస్‌ఆర్‌ఎల్‌జీ ఖాళీగా ఉంటే అది ప్రైమరీ, బ్యాకప్ రెండూ ఒకే కల్వర్టులో వేసి, ఆకుపచ్చ టిక్కు పెట్టి చూపిస్తుంది. ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎంత ట్రాఫిక్ పోతోందన్న లెక్క లేకపోతే ఊహించిన డిమాండ్ మీద దారులు వేస్తుంది. గోదారి గారూ, 6జీ చెన్నైది, 3జీ విజయవాడది అని మీ దగ్గర లెక్క ఉంది కాబట్టే ఇవాళ ఇక్కడ ఇంత మాట్లాడగలిగాం. అది ఎలా తీశారు?

గోదారి_రూటర్
నెట్‌ఫ్లో (ఏ ట్రాఫిక్ ఎక్కడి నుంచి ఎక్కడికో రాసిపెట్టే ఫీచర్) ఉంది అక్కా, చెన్నై, విజయవాడ రూటర్లలో మాత్రమే. బెంగళూరు, కర్నూలులో ఇంకా ఆన్ చేయలేదు.

అల్గో_అనూష
ముందు అది ఆన్ చేయండి. కంట్రోలర్ కొన్నా, కొనకపోయినా అది కావాలి.

డల్లాస్_శ్రీను
బాబాయ్ గారి మాట సముద్రం కింద కూడా అంతే. 2008 జనవరి 30న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా దగ్గర సీ-మీ-వీ 4, ఫ్లాగ్ కేబుళ్లు రెండూ తెగాయి. కంపెనీలు వేరు, కన్సార్షియంలు వేరు, సముద్రంలో చోటు మాత్రం ఒకటే. ఇండియాకి యూరప్ వైపు నెట్ సగం పైగా కుంటుపడింది. 2025 సెప్టెంబరులో ఎర్ర సముద్రంలో జెడ్డా దగ్గర మళ్లీ సీ-మీ-వీ 4, ఐఎంఈడబ్ల్యూఈ కలిసి పోయాయి. అటువైపు ఎక్కడ సన్నటి దారి ఉంటే కేబుళ్లన్నీ అక్కడే ఇరుక్కుంటాయి.

పాకెట్_పంతులు
ఇంకో లెక్క మిగిలింది, ఇది మేనేజర్‌కి తప్పకుండా చూపించండి. పంచాక రెండు వైపులా 6, 6. మొత్తం 12జీ హైదరాబాద్‌లోకి వస్తోంది. విజయవాడ లింకు తెగితే ఆ 12జీ అంతా కర్నూలు లింకు మీద పడాలి, అది 10జీ. 2జీ పడిపోతుంది. కాస్టులు మార్చినా, టన్నెల్స్ వేసినా, పీసీఈ పెట్టినా ఆ 2జీకి చోటు రాదు. ఏది పడిపోవాలో మాత్రం మనం నిర్ణయించొచ్చు. వాయిస్, బ్యాంకు లింకులు ముందు వరుసలో, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు చివర్లో.

గోదారి_రూటర్
అంటే పీసీఈ డబ్బుతో రెండు వైపులా ఇంకో 10జీ వేస్తే మేలన్నమాట.

పాకెట్_పంతులు
ఇవాళ్టికి అదే మేలు. మూడేళ్లలో ఊళ్లు పాతిక అయితే అప్పుడు మళ్లీ అడగండి, నేనే పీసీఈ కొనమంటాను.

వరంగల్_నోడ్
కొత్త రూటర్లు కొనేటప్పుడు మాత్రం సెగ్మెంట్ రూటింగ్ ఉన్నవే తీసుకో అన్నా, ఎన్ని లేబుళ్లు నెత్తిన పెట్టగలదో డేటాషీట్‌లో చూసి. చిన్న పెట్టెలు కొన్ని మూడు, నాలుగు దాటితే చేతులెత్తేస్తాయి.

ఫైబర్_బాబాయ్
కొత్త 10జీ ఆర్డర్ పెట్టేముందు ఇద్దరు వెండర్ల దగ్గరా రూటు కేఎంజెడ్ ఫైలు (మ్యాప్ మీద కేబుల్ గీత), జాయింట్ చార్టు రాతపూర్వకంగా అడుగు. రెండు కేఎంజెడ్‌లూ గూగుల్ ఎర్త్‌లో ఒకదాని మీద ఒకటి పెట్టి చూడు. వంతెనలు, కల్వర్టులు, రైల్వే క్రాసింగులు, ఇవి మూడూ ఒక్కొక్కటీ చూడు. అక్కడే కలుస్తాయి. ఆ తర్వాత ఒక ఆదివారం బండి వేసుకుని పీఓపీ నుంచి మొదటి 10, 15 కిలోమీటర్లు రూట్ మార్కర్లు చూసుకుంటూ పో. ఫైలులో గీత రోడ్డుకి ఎడమ పక్క ఉంటుంది, రాళ్లు కుడి పక్క ఉంటాయి.

గోదారి_రూటర్
అప్‌డేట్. చేంజ్ విండోలో అనూష అక్క చెప్పిన రెండు కాస్టులు పెట్టాం. నిన్న సాయంత్రం పీక్‌లో విజయవాడ నుంచి హైదరాబాద్ 6.8జీ, కర్నూలు నుంచి హైదరాబాద్ 5.2జీ. కర్నూలు కేఫ్ పింగ్ మారలేదు, నేనే ఫోన్ చేసి కనుక్కున్నా. వీడియో ఫిర్యాదులు రాలేదు.

కేఎంజెడ్ ఒక వెండర్ పంపాడు. రెండో వాడు కాన్ఫిడెన్షియల్ అంటున్నాడు.

ఫైబర్_బాబాయ్
కాన్ఫిడెన్షియల్ అంటే అనుమానించు. రెన్యువల్ ఎప్పుడో చూసి, ఆ ఫైలు ఇస్తేనే సంతకం అను.

సున్నా_ఒకటి
6, 6 రావాలి కదా, 6.8, 5.2 ఎందుకొచ్చింది?

లేబుల్_లక్ష్మి
ఈసీఎంపీ ప్యాకెట్లని కాదు, ఫ్లోలని పంచుతుంది. సోర్స్, డెస్టినేషన్ అడ్రస్‌లు, పోర్టులు హ్యాష్ చేసి ఒక ఫ్లోని ఒకే దారిలో పెడుతుంది, లేకపోతే ప్యాకెట్లు వరుస తప్పుతాయి. ఎవరో కస్టమర్ ఐపీసెక్ (ఎన్‌క్రిప్ట్ చేసిన) టన్నెల్‌లో పెద్ద బ్యాకప్ నడుపుతుంటే లోపల వేల కనెక్షన్లున్నా రూటర్‌కి ఒకే ఫ్లోలా కనపడుతుంది. అది మొత్తం ఒకే వైపు పడుతుంది. గోదారి గారూ, చెన్నై నెట్‌ఫ్లోలో సాయంత్రం టాప్ టాకర్స్ (ఎక్కువ ట్రాఫిక్ పంపేవాళ్లు) తీసి చూడండి, ఒక్క ఫ్లోనే అర జీ దాటుతున్నది ఉంటుంది.

గోదారి_రూటర్
ఉంది. ఒక హాస్పిటల్ స్కాన్ ఇమేజీల బ్యాకప్, రోజూ ఏడున్నరకి మొదలు, 0.7జీ. వాళ్ల ఐటీ అతనితో మాట్లాడాను, రాత్రి ఒంటిగంటకి మార్చుకోవడానికి వాళ్లకేమీ ఇబ్బంది లేదట.